ప్రశ్నకు మార్కు కోత

ఆ బడిలో కంప్యూటరు బల్లలే రోజంతా పరీక్ష పెట్టేవి. పిల్లలు ప్రశ్న అడిగితే, తెలియదన్నట్టే లెక్కగట్టి మార్కు కోసేవి. అందుకే రంగనాయకి టీచర్ తరగతిలో అందరూ నోరు విప్పడం మానేశారు.

ఆ ఉదయం ఆమె పిల్లల్ని తరగతిలోని సుంకమ్మ వాళ్ళ శెనక్కాయ చేనుకు బయలుదేరదీసింది.

"బల్లలు ఖాళీగా ఉంటే మీ ఉద్యోగం పోతుంది మేడమ్!" హెడ్మాస్టరు అడ్డుపడ్డాడు.

"పోనీండి సార్. నోరు లేని పిల్లలకు నేనేం చెప్పేది?"

చేలో సుంకమ్మ చాలాసేపు తటపటాయించింది. "టీచర్, ఈడ అడిగితే మార్కు కోస్తారా?"

"కొయ్యరు. అడుగమ్మా."

"పువ్వు పైన పూసె గదా, కాయ మన్నులోకి ఎట్ల పోయె?"

"పువ్వు వాడిన చోటు కింద మెల్లగా తవ్వు. చూసి నువ్వే చెబుదువు."

దూరంగా బడిలో ఖాళీ బల్లలు కూతపెడుతున్నాయి. టీచర్ వెనక్కి చూడలేదు; పైకి లేచిన మరో చెయ్యి వైపు తిరిగింది.