పన్నెండో గది ఫిర్యాదులు

“అమ్మాయ్, నీకు ప్రేమలేఖ!”

పన్నెండో గది నుంచి తెచ్చిన కాగితాన్ని ప్లంబర్ రిసెప్షన్ బల్ల మీద పెట్టాడు.

రిసెప్షన్ అమ్మాయి చేతిలోని కలం పక్కన పడేసింది.

“మళ్ళీనా బాబాయ్? నిన్ననేగా కుళాయి కారుతోందన్నాడు!”

“ఇవాళ కిటికీ అట.”

“ఆయనకి వేరే పనేం లేదా?”

“ఉంటే ఇన్ని కాగితాలు ఖరాబు చేస్తాడా?” అంటూ ప్లంబర్ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పైకి వెళ్ళాడు.

ఆ గెస్ట్‌హౌస్‌లో ఒక పద్ధతి ఉంది. బసకు దిగినవారు ఫిర్యాదు రాసిస్తే, అన్ని మరమ్మతులూ చూసే ప్లంబర్ పని ముగించి కిందికి వచ్చేలోగా ఇంగ్లీషులో జవాబు సిద్ధంగా ఉండాలి. ఫిర్యాదుకీ జవాబుకీ నకళ్ళు ఫైల్లో పెట్టాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు మూడు నెలలు నిండగానే హెడ్డాఫీసు నుంచి ఒక అధికారి వచ్చి ఆ ఫైలు చూస్తారు. రాత బాగుంటే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికి.

ఆ అమ్మాయికి రెండు నెలలు నిండాయి. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది. రాయబోతే ప్రతి మాటకీ తడుముకుంటుంది.

వాళ్ళింట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. కూతురికి ఉద్యోగం వచ్చిందని, కుట్టుపని ఇచ్చే ప్రతి ఇంటికీ వెళ్ళి మరీ చెప్పింది వాళ్ళమ్మ.

నిన్న ఒళ్ళు మండి, ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ మంత్స్’ అని జవాబు మొదలుపెట్టింది. ఇన్నాళ్ళలో ఇంకెవరూ ఫిర్యాదు చెయ్యలేదని తెలియజెప్పాలని.

ఇవాళ్టి ఉత్తరం ఆ మాటతోనే మొదలైంది: ‘యూ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ మంత్స్...’

ప్లంబర్ దిగి రాగానే ఆ కాగితం చూపించింది.

“చూడు బాబాయ్! నా మాట నాకే అప్పజెప్పి వెక్కిరిస్తున్నాడు.”

“చదువుకున్నవాళ్ళ ఎత్తిపొడుపు అంతే తల్లీ. మెత్తగా ఉంటుంది, లోపల దిగుతుంది.”

ఆమెకు పౌరుషం వచ్చింది. ఈసారి ఎత్తిపొడవడానికి సందు దొరక్కూడదనుకుంది.

మర్నాడు డిక్షనరీ తెచ్చుకుంది.

ఆమె దేన్నయినా ‘ప్రాబ్లమ్’ అని రాసేది. ఆయన మాత్రం కుళాయికి ఒక మాట, కిటికీకి ఒక మాట, మినుకుమినుకుమనే దీపానికి ఇంకో మాట వాడేవాడు. వెతుక్కోక తప్పేది కాదు. రాసింది రెండుసార్లు చదివి, అనుమానం వస్తే కొట్టేసి మళ్ళీ రాసేది. అయినా ఏదో ఒక వాక్యం మరుసటి ఉత్తరంలో తిరిగొచ్చేది. పళ్ళు నూరుకునేది.

మూడు వారాలు గడిచాయి.

ఒక ఉదయం పన్నెండో గది పెద్దాయన సూట్‌కేసుతో కిందికి వచ్చి తాళంచెవి ఇచ్చాడు.

“ఇక నా ఫిర్యాదులు లేవమ్మా” అని నవ్వాడు.

ఆమె రిజిస్టరు మీంచి తల ఎత్తలేదు.

“సంతకం ఇక్కడ పెట్టండి.”

ఆటో కదలగానే, “పీడ విరగడైంది బాబాయ్!” అంది.

వారం తర్వాత హెడ్డాఫీసు అధికారి వచ్చాడు. ఫైలు మొదటి కాగితం చదివి కనుబొమలు ముడిచాడు. చివరిది చదివి కళ్ళజోడు తీశాడు.

“ఇవన్నీ మీరే రాశారా?”

“నేనే సార్.”

“ఎక్కడ నేర్చుకున్నారు?”

“ఎక్కడా లేదు సార్.”

ఆయన నమ్మలేదు. తెల్లకాగితం ముందుకు తోశాడు.

“ఒకాయన పెట్టె పొరపాటున ఇంకొకరి కారులో వెళ్ళిపోయింది. క్షమాపణ రాయండి.”

రాసింది. ఎక్కడా తడుముకోలేదు.

ఆయన చదివి, తలూపి, సంతకం చేశాడు. “ఉద్యోగం ఖాయం.”

వెంటనే అమ్మకు ఫోన్ చేసింది. అవతల గడగడమంటున్న కుట్టుమిషను టక్కున ఆగిపోయింది. మూడు నెలల బరువు ఒక్కసారి దిగిపోయింది.

తేలికైన మనసుతో ఫైలు తిరగేసింది. తన జవాబు. దాని కింద పన్నెండో గది పెద్దాయన ఉత్తరం. మళ్ళీ తన జవాబు.

తను తప్పు రాసిన వాక్యమే ప్రతిసారీ ఆయన ఉత్తరంలో ఉంది. తప్పు లేకుండా. వెక్కిరింపు ఒక్కచోట కూడా లేదు.

“బాబాయ్, ఆ గదిలో కుళాయికి అసలేమైంది?”

ప్లంబర్ బుర్ర గోక్కున్నాడు.

“కుళాయికీ ఏం కాలేదు, కిటికీకీ ఏం కాలేదు తల్లీ. పాపం ఒంటరివాడు, కబుర్లకి పిలుస్తున్నాడనుకుని ఊరుకున్నా.”

“మరి అంతంతసేపు పైన ఏం చేసేవాడివి?”

“లేవబోతే కూర్చోబెట్టేవారు. ‘ఉండవయ్యా, నువ్వు దిగితే ఆ పిల్ల కంగారుపడుతుంది, ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పాను, రాసుకుంటున్న పిల్లని ఒక్కనాడూ తొందరపెట్టలేదు’ అనేవారు.”