పన్నెండుకు పోయే గడియారం

ఆ పొద్దున గ్లాస్గో ఆకాశం ఏ సంగతీ తేల్చడం లేదు. కాసేపు జల్లు, కాసేపు ఎండ, మళ్లీ జల్లు.

ఎనిమిది నెలలుగా కిరణ్మయి కారుదీ అదే వరస. నడుస్తూ నడుస్తూ రోడ్డు మధ్యలో చచ్చిపోతుంది. కాసేపటికి దానంతటదే బతుకుతుంది.

పద్నాలుగేళ్ల కారు. మూడు గ్యారేజీల వాళ్లు కంప్యూటర్ తగిలించి చూశారు. వాళ్ల ముందు అది ఒక్కసారీ ఆగలేదు.

కిరణ్మయి ఇంటింటికీ వెళ్లి ముసలివాళ్లకు ఇన్సులిన్ ఇచ్చే నర్సు. గురువారం కారు ఆగి ఒకామెకు సూది గంటన్నర ఆలస్యమైంది. మళ్లీ ఇలా అయితే డ్యూటీల జాబితాలోంచి తీసేస్తానంది మేనేజరు. కారు లేకపోయినా తీసేస్తుంది.

"ఉద్యోగం పోతే పోయింది. రోడ్డు మధ్యల నీకేమన్నా అయితే?" అన్నాడు భర్త ఆదర్శ్. పాత కార్లు పట్టుకుపోయే లారీని ఒంటిగంటకు రమ్మన్నాడు.

పదకొండు దాటింది. కిరణ్మయి కారులోంచి తన సామాను తీస్తోంది.

"ఆగేటప్పుడు లోపల గడియారం ఏం జేస్తది బిడ్డా?"

పక్కింటి పిట్టగోడ అవతల, కుర్చీలో కూర్చున్న పెద్దాయన అడిగాడు. బాపురావు. కూతురు నిఖిత ఇంటికి వచ్చి రెండు వారాలైంది. రోజంతా అక్కడే మాటలు వింటూ కూర్చుంటాడు.

"గడియారమా అంకుల్?"

"మళ్ల మొదలైనంక సరైన టైమే చూపుతదా?"

కిరణ్మయి చేతిలో సంచి అలాగే ఉంది. "లేదు. పన్నెండుకు పోతది. ప్రతిసారి నేనే సరి చేసుకుంటున్న."

"ఆ మాట గ్యారేజోళ్లకు చెప్పినవా?"

"వాళ్లు అడగలే. నేనూ చిన్న సంగతే అనుకున్న."

బాపురావు లేచాడు. పిట్టగోడ మీద చెయ్యి వేసుకుంటూ చివరిదాకా నడిచి, ఇటు తిరిగి వచ్చాడు. కారును పశువును నిమిరినట్టు వెనక నుంచి ముందుదాకా నిమిరాడు.

ఆదర్శ్ బయటికొచ్చాడు. "అంకుల్, మీరేం పని చేసేటోళ్లు?"

"బస్సు డిపోల ఉండేది సార్."

"కండక్టరా?"

ఆయన చెయ్యి బానెట్ అంచు మీద ఆగింది. "బానెట్ లేపుండ్రి" అన్నాడు.

లేపారు. ఆదర్శ్ మర్యాదకు టార్చ్ అందించాడు. ఆయన దాన్ని చేత్తో తడిమి, చొక్కా జేబులో వేసుకున్నాడు. బ్యాటరీ కింద మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. ముఖం మాత్రం పక్కనున్న పొదల వైపు ఉంది.

"అంకుల్, కారు ఇటుంది" అన్నాడు ఆదర్శ్, నవ్వు ఆపుకుంటూ.

బాపురావు కూడా చిన్నగా నవ్వాడు. "ఇంజన్ షురూ చెయ్యి బిడ్డా."

కిరణ్మయి తాళం తిప్పింది. ఇంజన్ బాగానే మోగింది. లోపల ఆయన చెయ్యి కొంచెం కదిలింది.

ఇంజన్ చచ్చిపోయింది.

చెయ్యి మళ్లీ కదిలింది. గడియారం వెలిగింది. పన్నెండు.

ఎనిమిది నెలలుగా ఎవరికీ చిక్కనిది ఆయన వేలికొనకు చిక్కింది.

"దసరాకు కారుకు కొబ్బరికాయ ఎక్కడ కొడ్తరు?" అడిగాడు బాపురావు.

ఆదర్శ్ భార్య చెవిలో గొణిగాడు. "అయిపోయింది. ఇగ నిమ్మకాయ కట్టుమంటడు."

కిరణ్మయి పట్టించుకోలేదు. "బానెట్ లేపే చేస్తం అంకుల్. పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు. నీళ్లు ఈయనే పోస్తడు. బ్యాటరీకి గూడ ఆశీర్వాదం గావాల్నంట."

"ఎన్ని దసరాలు?"

"ఏడు. మేం కొన్నప్పటి సంది."

బాపురావు చెయ్యి బయటికి తీసి, వేళ్లు వాసన చూశాడు. ఆ వేళ్లకు ఆకుపచ్చటి తుప్పు పొడి అంటి ఉంది. మధ్యలో ఎర్రెర్రగా కుంకుమ.

"బ్యాటరీ నుంచి వచ్చే నల్ల తీగె ఇక్కడ కారు ఇనుముకు కలుస్తది. ఏడేండ్ల కొబ్బరినీళ్లకు ఆ బోల్టు కింద తుప్పు పొక్కు కట్టింది. కుదుపొస్తే తీగె లేస్తది. తీగె లేస్తే అంతా బంద్. బానెట్ ముయ్యుండ్రి, దేవుణ్ణి గడప దగ్గరనే మొక్కుండ్రి సార్."

ఆదర్శ్ వెళ్లి పానాల పెట్టె తెచ్చాడు. బాపురావు పెట్టెలో వేళ్లు పెట్టి మూడో పానా తీశాడు. అది సరిపోయింది. కిరణ్మయి గిన్నెలు తోమే స్టీల్ పీచు తెచ్చింది. ఆయన బోల్టునూ ఇనుమునూ తోమి, వేలితో తడిమి, మళ్లీ తోమాడు. వాజిలిన్ రాసి బిగించాడు.

ఇంజన్ నడుస్తుండగా తీగెను గుంజి ఊపాడు. ఆగలేదు.

ఒంటిగంటకు వచ్చిన లారీని కిరణ్మయే వెనక్కి పంపింది. సోమవారం పొద్దున ఆరున్నరకు మొదటి సూది తనే ఇవ్వాలి.

నిఖిత తన ఇంటి గుమ్మంలోకి వచ్చింది. "పప్పు, పచ్చిపులుసు అయినయ్. అందరూ రాండ్రి. నాయినతో పని చేపిచ్చుకొని అట్లెట్ల పోతరు?"

"మీ నాయిన డిపోల ఏం చేసేది అక్కా?" నిఖిత ఇంట్లో కూర్చుంటూ అడిగింది కిరణ్మయి.

"బస్సులకు కరెంటు పని. ముప్పై ఒక్క ఏండ్లు. ఆఖరి పదేండ్లు అందరూ వద్దన్నా, డిపో మేనేజరే ఉంచుకున్నడు."

"ఎందుకు వద్దన్నరు?"

నిఖిత కంచాలు పెడుతోంది. జవాబు చెప్పే బదులు తండ్రి పక్కన కూర్చుని, ఆయన కుడిచెయ్యి పట్టుకుని కంచం మీద మెల్లగా తిప్పింది.

"ఇక్కడ అన్నం నాయినా. ఇక్కడ పప్పు. నీళ్లు ఎడమకు."

ఆదర్శ్ చేతిలో ముద్ద ఆగిపోయింది. 'అంకుల్, కారు ఇటుంది' అని పొద్దున తను నవ్వు ఆపుకుంటూ అన్న మాట గుర్తొచ్చింది.

నలుగురూ భోజనం ముగించారు.

బాపురావు చొక్కా జేబులో ఆ టార్చ్ ఇంకా ఉంది, ఆయన ఒక్కసారీ వెలిగించనిది.