పెట్టె చిరునామా

"ఇంక కరెంటు పోయొచ్చినా భయం లేదక్కా," అంటూ జయకృష్ణ గుడ్లు పొదిగే పెట్టె పక్కనున్న బుల్లి కంప్యూటరుకు మూత బిగించాడు.

"మరి మొన్న ఏటైందిరా?" అంది ఈశ్వరి.

"దీని నెట్ కార్డుకి సొంత చిరునామా లేదు. లోపలున్న లినక్స్ లేచినప్పుడల్లా కొత్తది పుట్టించేస్తాది. అందరి పెట్టెల లెక్కా అందుకునే సర్వరేమో చిరునామా బట్టే ఏ పెట్టె ఎవరిదో గుర్తుపడతాది. కొత్తది సూసి నువ్వెవరో తెలీదు పొమ్మంది. నీ ఫోనుకి పెట్టెలో వేడెంతో రావడం ఆగిపోనాది. ఇప్పుడు ఒకే చిరునామా ఫైల్లో రాసీసాను. మారమన్నా మారదు."

"ఇంత తొందరగానా?"

"చీపురుపల్లిలో ధనరాజు బావ పెట్టెకి పోయిన వారమే సేసాను కదేటి. ఆ మెమరీ కార్డే ఫైళ్లతో సహా ఉన్నదున్నట్టు దీనికీ కాపీ కొట్టీసాను."

పోయినసారి గుడ్లన్నీ చల్లబడి పాడైపోయాయి. ఈసారీ అలాగే అయితే పెట్టె అమ్మేద్దామన్నాడు ఆమె భర్త ధర్మేంద్ర. అందుకే శ్రీకాకుళంలో బంధువుల పెళ్లికి వెళ్లినా ఈశ్వరి కళ్లు ఫోను మీదే ఉన్నాయి. పెట్టెలో వేడి ముప్పై ఏడున్నర డిగ్రీలు. మళ్లీ చూసింది. ముప్పై ఏడున్నరే.

శృంగవరపుకోటలోని ఇంటి నుంచి అత్త లక్ష్మణమ్మ ఫోను చేసింది.

"ఒసే ఈశ్వరీ, పొద్దున్నే పోయిన కరెంటు ఇంకా రాలేదే. పెట్టెలో ఫ్యాను సప్పుడు లేదు. గుడ్లు తీసి దుప్పట్లో సుట్టీనా?"

"వద్దత్తా! తలుపు తీస్తే ఉన్న వేడి కాస్తా పోతాది. ఇన్వర్టరు లాగుతున్నాది. నా ఫోన్లో బాగానే సూపిస్తంది."

"పెట్టె మీద సెయ్యెట్టి సూస్తే సల్లగున్నాదే."

"పైన సల్లగానే ఉంటాదత్తా. నువ్వు ముట్టుకోకు."

ఫోను పెట్టేసి, విస్తరిలో అన్నం వదిలేసి మళ్లీ తెర చూసింది. పక్క విస్తరి ముందు కూర్చున్న ధనరాజు నవ్వాడు. "ఫోన్నే నంజుకుంటావేటమ్మా?"

అంతలో అతని ఫోనే కీచుమంది. చూసి, ఎడమచేత్తో భార్యకు ఫోను చేశాడు. "ఒసే రేఖా, తలుపెందుకు తీసావే? ముప్పై ఆరుకి పడిపోనాది, ఎయ్యెయ్యి!"

ఈశ్వరి నవ్వబోయింది. ఆమె ఫోనూ కీచుమంది. ముప్పై ఆరు.

వెంటనే ఇంటికి ఫోను చేసింది. "వద్దన్నా తీసీసావా అత్తా?"

"నానెందుకు తీస్తానే? నువ్వు వద్దన్నాక అటేపే ఎల్లలేదు."

ధనరాజు ఊపిరి పీల్చుకున్నాడు. "తలుపేసీసింది. ముప్పై ఆరున్నర... ముప్పై ఏడు."

ఈశ్వరి తన ఫోను చూసింది. ముప్పై ఆరున్నర... ముప్పై ఏడు.

పొద్దున్నుంచీ ఆమె కాపలా కాస్తున్నది ధనరాజు గుడ్లకు.