వంకర కత్తెర

మంచం పక్కన ట్రేలో కత్తెర లేదు, మంచం మీద టైలరు మాస్టారూ లేరు.

బాత్రూం తలుపుకి లోపల గడియ పడి ఉంది. నర్సు తలుపు దగ్గరికి పరుగెత్తింది.

పేగు ఆపరేషన్ చేసి, మలం పోవడానికి పొట్ట మీద సంచి పెట్టినప్పటినుంచి మాస్టారిది ఒకటే మాట: "ఇంకెందుకమ్మా ఈ బతుకు?" సంచి మార్చుకోవడం నేర్పుతానంటే గోడవైపు తిరిగి పడుకునేవారు. ఎవరో ఒకరు ఆ పని నేర్చుకుంటే గాని ఇంటికి పంపేది లేదన్నాడు డాక్టరు. చేసేది లేక నర్సు ఆయన భార్యకి పాఠం మొదలుపెట్టింది.

సంచిని ఒంటికి అంటించే బిళ్ళలో కొలత ప్రకారం గుండ్రంగా రంధ్రం కత్తిరించాలి. ఆవిడ కత్తిరిస్తే ఒకటి వంకాయలా వచ్చింది, ఇంకోటి చెప్పులా వచ్చింది.

నిన్న మాస్టారు ఉండబట్టలేక ఇటు తిరిగారు. "షాపులో కటింగ్ ఎవరు చూస్తున్నారే?"

"మా తమ్ముడండీ."

"వాడే నయం. నువ్వు కత్తెర పడితే గుడ్డ కూడా ఏడుస్తుంది!"

ఇప్పుడు నర్సు బాత్రూం తలుపు దబదబా బాదింది.

"మాస్టారూ! కత్తెర మీ దగ్గరుందా?"

"ఉంది. కాసేపు విసిగించకండి."

"తొందరపడకండి! మీ ఆవిడ మొహం చూసైనా..."

"మొహానికేం, బాగానే ఉంటుంది. దాని కత్తిరింపే చూడలేకపోతున్నా!"

గడియ తీసిన చప్పుడైంది. మాస్టారు చొక్కా పైకెత్తి నిలబడ్డారు. పొట్ట మీద కొత్త సంచి. బిళ్ళ చుట్టూ ఒక్క ముడత లేదు.

"అద్దంలో చూసి నేనే పెట్టుకున్నా. ఫిట్టింగ్ ఎలా ఉందమ్మా?"

నర్సుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఇంకేం, ఇంటికెళ్ళిపోవచ్చు మీరు!"

"మరి? షాపు బావమరిదికి వదిలేసి ఇక్కడ పడుకుంటే ఎలా?" మాస్టారు నర్సు వెనకే నిలబడ్డ భార్యవైపు చూసి మీసం దువ్వారు. "చూసి నేర్చుకో!" అని, పక్క మంచం ఆయనకి చూపించడానికి హుషారుగా బయల్దేరారు.

నర్సు ఆవిడ భుజం తట్టింది. "ఇక మీకు పాఠాలు అక్కర్లేదు. అయినా టైలరు గారి భార్య అయ్యుండి మరీ అంత వంకరా, పిన్నిగారూ?"

ఆవిడ భర్తవైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"మా తమ్ముడికి బొత్తాం కుట్టడమే రాదు, సిస్టరమ్మా. ఈయన మంచాన పడ్డప్పటినుంచీ షాపులో కటింగ్ చేస్తున్నది నేనే."