నలభై ప్రశ్నల దరఖాస్తు

పదకొండో ప్రశ్న దగ్గర సాయన్నకు ఒళ్ళు మండింది.

"ఎదుటి పక్షం వారి బాధ ఏమిటి? మీ మాటల్లో చెప్పండి. మీ జవాబును ఎదుటి పక్షం ఒప్పుకోవాలి" అని ఉంది కంప్యూటర్‌లో.

ఎదుటి పక్షం పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. పేరు రాంచందర్. చెరువు కింద సాగు చేసే రైతుల సంఘానికి అధ్యక్షుడు. సాయన్న అదే చెరువులో చేపలు పట్టే సొసైటీకి అధ్యక్షుడు. ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు.

తగాదా తూము దగ్గర మొదలైంది. తూము తాళంచెవి రైతుల దగ్గర ఉంటుంది. నిరుడు యాసంగి పంటకు వాళ్ళు తూము ఎత్తీ ఎత్తీ మాఘమాసానికే చెరువును అడుగంటించారు. చేపలు అరచెయ్యంత కూడా పెరగలేదు. సొసైటీలోని నర్సమ్మ లాంటి వాళ్ళు వాటినే గంపకెత్తుకుని మన్నెగూడ చౌరస్తాలో అడిగిన ధరకు ఇచ్చి వచ్చారు. ఈ ఏడూ అదే జరిగితే సొసైటీలో సగం మంది హయత్‌నగర్ అడ్డా మీద కూలికి నిలబడాల్సిందే.

అందుకే దసరా వెళ్ళగానే ఈ దరఖాస్తు. ఊళ్ళో పడని రెండు వర్గాలు కలిసి తమ సమస్యకు కొత్త ఉపాయం కనిపెట్టే మేళా పెట్టుకుంటే ఒక సంస్థ గ్రాంటు ఇస్తుందని ఇబ్రహీంపట్నంలో నెట్ సెంటర్ నడిపే భవిత చెప్పింది. టెంటు వేస్తారట. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు వస్తారట. చెరువు బాధకు వాళ్ళు మందు చెబుతారట. షరతు ఒక్కటే. దరఖాస్తు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నింపాలి. ఒకరు లేకుండా ఒక్క అక్షరం పడకూడదు.

"పటేలుకేం బాధ? మస్తు పారిచ్చుకుంటుండు. గట్లనే రాయి" అన్నాడు సాయన్న.

ఎదుటి పక్షం ఒప్పుకోలేదు. ఆ రోజుకు దరఖాస్తు అక్కడే ఆగింది.

దరఖాస్తులు ఇలాంటివి కూడా అడుగుతాయా అని మర్నాడు రాంచందర్ సణిగాడు.

"గ్రాంటంటె గట్లనే ఉంటది కాకా" అంది భవిత, తల ఎత్తకుండా.

రోజూ ఇదే వరస. భవిత ఇద్దరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించేది. పైసలివ్వబోతే తీసుకునేది కాదు. రిజిస్టర్లో తేదీ వేసి ఇద్దరితో సంతకాలు పెట్టించేది. గోడ దగ్గర నిలబెట్టి ఫోటో తీసేది. ఫోటో, సంతకం లేకుండా ఈ రోజుల్లో పూచికపుల్ల కూడా కదలదని తెలిసినవాళ్ళు కాబట్టి వాళ్ళు ఎందుకని అడగలేదు. మొదటి ఫోటోలో ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

ఐదో రోజు సాయన్న పంతం వదిలి జవాబు చెప్పాడు. నీరటి నారయ్య పోయాక తూము చూసే మనిషి లేడు. రైతులు సాయంత్రం ఎత్తి పోతే మర్నాడు మధ్యాహ్నం దాకా దించే దిక్కు ఉండదు. నీళ్ళు పై మడులు నిండి వాగు పాలవుతాయి. చివరి మడులు ఎండుతాయి. చివరి మడులు రాంచందర్‌వే.

రాంచందర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గీ ముచ్చట నీకెట్ల ఎరుక?"

"తెల్లారకముందే తెప్పల మీద ఉంటం గద పటేలా. నీళ్ళు ఉత్తగ పోతుంటె రోజూ చూస్తనే ఉంటం."

"చూసుకుంట ఊకున్నరా? దించొద్దా?"

"తాళంచెవి నీ దగ్గరుండె."

భవిత టైపు చేయడం ఆపింది. ఒప్పుకున్నట్టేనా అని అడిగింది. రాంచందర్ తల ఊపాడు.

తొమ్మిదో రోజుకు ముప్పై ఎనిమిదో ప్రశ్నకు వచ్చారు. ఎదుటి పక్షానికి మీరు ఏమివ్వగలరు?

రాంచందర్ జేబులోంచి రెండో తాళంచెవి తీసి కీబోర్డు పక్కన పెట్టాడు.

"మేం ఎత్తుతం, వీళ్ళు దించుతరు. తూము రాయి మీద తెల్లగీత గీస్తం. నీళ్ళు గీత దాకా దిగినంక ఎవ్వరం ఎత్తం. రాసుకో బిడ్డా."

సాయన్న తాళంచెవిని చేతిలోకి తీసుకున్నాడు. ఆరేళ్ళ కోపాన్ని మోసీ మోసీ, ఇప్పుడు దాన్ని ఎక్కడ దించాలో అతనికి తెలియలేదు. రోజూ పొద్దున తమవాళ్ళే తూము దించుతారని, కూలి అడగరని మాత్రం రాయించాడు. మిగిలిన రెండు ప్రశ్నలూ ముగిశాక భవిత ఏదో నొక్కి, దరఖాస్తు వెళ్ళిందని చెప్పింది.

ఉగాది దగ్గరపడింది. నీళ్ళు గీత దిగలేదు. చేపలు మూరెడు పెరిగాయి. రాంచందర్ చివరి మడి కూడా గింజ పట్టింది. గ్రాంటు కబురు మాత్రం రాలేదు. సాయన్న టెంటుకు జాగా కూడా చూసిపెట్టుకున్నాడు. మేళా ఎప్పుడని సొసైటీ వాళ్ళు నవ్వుతుంటే తలకొట్టేసినట్టయింది. నసీబుల లేదనుకొమ్మని రాంచందర్ ఓదార్చాడు.

ఉండబట్టలేక ఒక పొద్దున సాయన్న నెట్ సెంటర్‌కు పోయాడు. భవిత ఎవరికో ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తూ, జర కూర్చోమంది. పక్కనున్న ప్రింటర్ లోంచి ఒక కాగితం వచ్చింది. దాని మీద తన మొహమే ఉంది. పక్కన రాంచందర్, ఇద్దరి చేతుల్లో చాయ్ గ్లాసులు, భుజాల మధ్య ఖాళీ లేదు.

సాయన్న కాగితం తీసుకుని, ఫోటో కింద రాసింది కూడబలుక్కుని చదివాడు.

"దసరాకు ముందు నాకు మంజూరైన గ్రాంటుతో ఇబ్రహీంపట్నం నెట్ సెంటర్‌లో తొమ్మిది రోజుల పాటు మేళా జరిపాను, హాజరు ఇద్దరు, ఖర్చు చాయ్ బిస్కెట్లు, మిగిలిన సొమ్ము వాపసు పంపుతున్నాను, ఇట్లు భవిత."