లొంగని తాళం

“దీన్ని కూడా తీసేశాడా!” ఇనుప సామాన్ల కొట్టు బాబాయ్ నోరు వెళ్లబెట్టాడు.

ఆమె నంబర్ల తాళం కప్పను బల్ల మీద పెట్టింది. దాని మీద చిన్న గీత కూడా పడలేదు.

“చెవి ఆనించి, చక్రాలు తిప్పుకుంటూ తీసుంటాడు.”

“అంతకుముందు పట్టుకెళ్లిన పెద్దది?”

“చెంచా కాడతో.”

“మరి ఇంట్లో ఏం పోయాయి?”

“చెప్పుల జత.”

బాబాయ్‌కి నవ్వాగలేదు. ఆమె మోచేతి కట్టు కనబడ్డాక దానంతటదే ఆగింది. “ఆ దెబ్బేమిటమ్మా?”

“వెంటపడి పెద్ద రోడ్డు దాకా పరిగెత్తాను. లారీవాడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఈసారి తీస్తే ప్రాణమే పోతుంది బాబాయ్.”

“ఎవరో తెలుసా?”

“తెలుసు.”

“తెలిసీ ఊరుకున్నావా? పోలీసులకి చెప్పు.”

“ఆయన మీద ఏమని చెప్పను?”

‘ఆయన’ అన్న మాటతో బాబాయ్‌కి కథంతా తెలిసిపోయినట్టయింది. గొంతు తగ్గించాడు. “మీ నాన్న దగ్గర పని నేర్చినవాడేనా?”

“నాన్న చేతిలో ఉన్న పనంతా ఉంది.”

“అనుకున్నా! శిష్యుణ్ణి అల్లుణ్ణి చేసుకుంటే ఇంతే మరి. లోపలి చెక్క తలుపు కూడా బిగించుకో తల్లీ.”

“కిటికీ లేని గది. అది వేస్తే ఊపిరాడదు. కటకటాల తలుపొక్కటే గాలికి దారి.”

“మీ నాన్నే ఉండుంటే వాడి వేళ్లు విరగ్గొట్టేవాడు.”

ఆమె స్ప్రింగుల డబ్బా ముందుకు లాక్కుంది. విప్పి చెబితే పోయేది నాన్న పరువే. ఇత్తడి రేకు, నాలుగు స్ప్రింగులు కొనుక్కుని బయటపడింది.

చిన్నప్పుడు తోటిపిల్లలు వీధిలో గంతులేస్తుంటే, నాన్న ఆమెను ఆకురాయి ముందు కూర్చోబెట్టేవాడు. ఏడ్చినా, అలిగినా, కాళ్లావేళ్లా పడినా వదిలేవాడు కాదు. “ఆడపిల్లకి ఇదేం పనండీ?” అని అమ్మ సణిగితే, “రేపు దీనికి ఏ అవసరం పడుతుందో నీకు తెలుసా, నాకు తెలుసా?” అనేవాడు. మనిషి ఏది మరిచినా వేళ్లు మరవవని కూడా అనేవాడు. ఆమె కష్టపడి చేసిన ప్రతి తాళాన్నీ సన్నటి తీగతో ఇట్టే తీసి ఒళ్లో పడేసేవాడు.

“నాక్కూడా లొంగని తాళం చెయ్యవే. ఆ రోజు చప్పట్లు కొడతాను.”

ఆ చప్పట్లు ఆమె ఎన్నడూ వినలేదు.

మోటార్లు బాగుచేసే షాపులో ఆమెది తీగ చుట్టే పని. మధ్యాహ్నం అందరూ తిండికి లేస్తే, ఆమె ఇత్తడి అరగదీస్తూ కూర్చుంది. వేళ్లు నిజంగానే ఏదీ మరవలేదు. తాళం లోపల ఒక దొంగ గాడి పెట్టింది. తీగ అందులో పడితే తాళం వచ్చేసినట్టే ఉంటుంది, నిజానికి ఇంకా బిగుసుకుంటుంది. ఇదీ ఓడిపోతే పని మానుకుని గుమ్మంలో కాపలా కూర్చోవాలి. అప్పుడు తినేదేమిటి? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆకురాయి మరింత జోరుగా ఆడించేది.

తాళం పూర్తయిన మర్నాడు పొద్దున కటకటాల తలుపుకి కొత్త తాళం వేసింది. పనికి పోతున్నట్టు చెప్పులు టపటపలాడిస్తూ మెట్లు దిగి, మలుపులో గోడకి ఆనుకుని నిలబడింది.

అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత తీగ గీరుకుంటున్న చప్పుడు. ఆ చెయ్యి తొందరపడటం లేదు.

టిక్కుమంది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

తలుపు కిర్రుమనలేదు. తీగ దొంగ గాడిలో పడింది. మళ్లీ గీరుడు, మళ్లీ టిక్కు. చివరికి తీగ నేల మీద పడిన చప్పుడు.

ఇక భయం లేదు. ఆ రోజుల్లో ముక్కుపిండి పని నేర్పినందుకు నాన్నకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. ఆ వెనకే ఏడుపు తన్నుకొచ్చింది. నేర్చిందంతా చివరికి ఇందుకా పనికొచ్చింది! చప్పుడు పైకి వినబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కటకటాల లోపల, కూతురి పేరు కూడా మరిచిపోయిన నాన్న చప్పట్లు కొట్టాడు.