చాలనేదాకా

"కదలొద్దు ఉరుకుందమ్మా. ఇంక నావల్ల కాదనిపిస్తే నువ్వే కిందికి దించేయ్," అంటూ ఫిజియోథెరపీ డాక్టరు హేమ స్టాప్‌వాచీ నొక్కింది.

బోర్లా పడుకోబెట్టి, కాళ్ళను బెల్టులతో బల్లకు బిగించారు. నడుం పైభాగమంతా బల్ల అంచు దాటి గాలిలో ఉంది; దాన్ని వాలిపోకుండా ఎంతసేపు నిలపగలదన్నదే పరీక్ష. గచ్చు మీద రాలుతున్న తన చెమట చుక్కలు ఉరుకుందమ్మకు కనిపిస్తున్నాయి.

"ఇప్పుడే పడతాది సూడు మేడం," అన్నాడు గోడకానుకున్న మొగుడు నాగేశప్ప. "మూడేండ్ల నుంచి ఇవే నాటకాలు. సుగ్గి కూలికి గుంటూరు పోదాం, మిరపకాయలు కోద్దామంటే సాలు, నడుము నొప్పంటాది."

ఆమె దించలేదు. మిరప సాళ్ళలో మేస్త్రీ చాలనేదాకా ఎవరూ ఒంగిన నడుం ఎత్తకూడదు. నడుం గురించి ఆమెకు తెలిసిన చదువు అదొక్కటే.

నాలుగు నిమిషాలకు హేమే వాచీ ఆపింది. "చాలమ్మా, దించు! నడుం నొప్పి ఉన్నవాళ్ళు నిమిషం ఆగితే గొప్ప. నీకు నొప్పే పుట్టలేదా?"

"మొదట్నుంచీ పుడతానే ఉంది మేడం. కండ్లు బైర్లు కమ్మినాయి."

"మరి దించేయమన్నాను కదా!"

"నువ్వు సాలనలేదు గద మేడం."

హేమ గిర్రున నాగేశప్ప వైపు తిరిగింది. "విన్నావా? నాటకం కాదు. ప్రాణం పోయే నొప్పిని నాలుగు నిమిషాలు ఓర్చుకుంది."

నాగేశప్ప మొహం విప్పారింది. అక్కడే ఫోను తీశాడు.

"మేస్త్రీ అన్నా, గుంటూరుకు మా ఇంటిదాని పేరు గూడా రాసుకో. నొప్పి నిజమేనంట. ఉన్నా పని ఆపదంట. డాక్టరమ్మే సెప్పింది."

ఉరుకుందమ్మ కాళ్ళకు కట్టిన బెల్టులు ఇంకా విప్పనేలేదు.